సీమకారుకు శాలువా

కరకట్టపాలెం గ్రామంలో ఒక కారుకు పౌరసన్మానం జరిగిన సంగతి పాఠకులు పేపర్లో చూసే ఉంటారు. ఫోటో కూడా వేశారు. ఫోటోలో మనుషులు బాగా కనిపించారు. కారు కనిపించలేదు. సన్మానాల ఫోటోల్లో ఇది మామూలే కాబట్టి ఎవరూ అడగలేదు.

కారు దుర్గాప్రసాద్ గారిది. ఊరు కూచిపూడి దాటాక కాలవ గట్టు పట్టుకుని పోతే వస్తుంది. ఆయన మాత్రం ఆ ఊరు వదిలి బెజవాడ చేరి చాలాకాలమైంది. పోరంకి దగ్గర కల్యాణమండపం కట్టారు. ముఖద్వారానికి రెండు సిమెంటు ఏనుగులు, లోపల రంగురంగుల నీళ్ళు చిమ్మే ఫౌంటెన్, పెళ్ళికూతురు మేఘాల్లోంచి దిగివచ్చినట్టు కనపడటానికి ఒక పొగ మిషను. మండపానికి తాతగారి పేరు పెట్టారు. హనుమయ్య గ్రాండ్.

ఇంత ఉన్నా ఆయనకు ఒక బాధ ఉంది. అది చెప్పాలంటే ఇంటిపేర్ల సంగతి చెప్పాలి.

మన పల్లెల్లో ప్రతి కుటుంబానికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి. ఒకటి పుట్టుకతో వచ్చేది. రెండోది ఊరు పెట్టేది. మొదటిది శుభలేఖలో వేసుకోవడానికి పనికొస్తుంది. రెండోది ఆ ఇంటికి దారి చెప్పడానికి పనికొస్తుంది. మర్యాద తెలిసిన ఊరు కాబట్టి రెండోదాన్ని ఎవరూ మొహం మీద అనరు. వీపు మీద అంటారు. దుర్గాప్రసాద్ గారి వంశానికి ఊరు పెట్టిన పేరు ఎడ్లకారోళ్ళు. ఆ సంగతి ఆయనకు చిన్నప్పుడే తెలిసిపోయింది. బళ్ళో పిల్లలకు మొహానికీ వీపుకీ తేడా తెలియదు గదా.

ఆ పేరు తెచ్చినవారు తాతగారు హనుమయ్య గారే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో బెజవాడలో ఒక దొర తన దేశం పోతూ సామాన్లన్నీ అమ్మేస్తున్నాడని తెలిసి ఆయన వెళ్ళారు. వెళ్ళింది బీరువా కోసం. బీరువా అప్పటికే ఇంకెవరో పట్టుకుపోయారు. ఉత్త చేతులతో ఇంటికి పోతే బాగుండదని ఆ దొర సీమకారు కొన్నారు.

కంకిపాడు దాకా కారు బ్రహ్మాండంగా నడిచింది. అక్కడ హనుమయ్య గారు కాఫీహోటలు ముందు కారు ఆపించారు. కాఫీ కోసం కాదు. నలుగురూ చూడాలని. నలుగురూ చూశారు. ఆ తర్వాత కారు కదల్లేదు. అక్కడి నుంచి కరకట్టపాలెం దాకా ఒక జత ఎడ్లు లాక్కొచ్చాయి. హనుమయ్య గారు లోపల కూర్చుని, తానే నడుపుతున్నట్టు స్టీరింగు తిప్పుతూ వచ్చారు. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. కారు కొట్టంలోకి వెళ్ళింది. పేరు ఊళ్ళోకి వెళ్ళింది. రెండూ మళ్ళీ బయటకు రాలేదు.

పోరంకి వస్తే ఆ పేరు పోతుందని దుర్గాప్రసాద్ గారు అనుకున్నారు. పెళ్ళి ఎవరిదైనా సరే, మండపం గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టడం ఆయన పద్ధతి. ఒక ముహూర్తాల రోజున ఆటోలోంచి ఒక ముసలమ్మ దిగింది. చేతిలో ఫోను, చెవిలో చెముడు. "ఆ, వచ్చేశానే. పోరంకేనే. మన ఎడ్లకారోళ్ళ హాలు! ఆ, ఏనుగులున్నాయిలే. ఇక్కడెవరో దండం పెడుతున్నాడు, వాచ్‌మనేమో!" అని కేకలు వేస్తూ ఆయన ముందు నుంచే లోపలికి పోయింది.

ఆ పూట ఆయన భోజనం చేయలేదు.

"ఆ కారు నడవాలి," అన్నారు భార్య ఉషశ్రీ గారితో.

"ఏ కారండీ?"

"అదే."

"అదా? పాతసామాన్లవాడు కూడా వద్దని పోయాడు గదండీ దాన్ని."

"నడవాలి. దాని ఇంజనుతో అదే నడవాలి. పట్టపగలు, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. అందరూ చూడాలి. అప్పుడుగానీ ఆ పేరు చావదు."

"కొత్తది పెద్దది ఒకటి కొనుక్కుని ఆ ఊళ్ళో తిరగండి. ఎవరొద్దన్నారు?"

"కొత్తది నడిస్తే అది కంపెనీవాడి గొప్ప. ఇది నడిస్తే మా తాత గొప్ప," అన్నారు దుర్గాప్రసాద్ గారు. అందులో న్యాయం ఉంది.

కొట్టం తాళంచెవి మేనత్త మాణిక్యమ్మ గారి దగ్గర ఉంటుంది. హనుమయ్య గారి కూతురు. కారును ఎడ్లు లాక్కొచ్చిన రోజున గట్టు మీద నిలబడి చూసినవాళ్ళలో ఈవిడ కూడా ఉంది. అప్పుడు గౌను వేసుకుంది. ఇప్పుడు ఆ కారులో ఆవిడ సంసారం సగం ఉంది. వెనక సీట్లో విత్తనాల బస్తాలు, ముందు సీట్లో కోళ్ళు, డిక్కీలో పిడకలు. స్టీరింగు మీద మసిగుడ్డ ఆరేసి ఉంది.

"ఒరే ప్రసాదూ, దాన్ని తీసుకుపోతే నా కోళ్ళు ఎక్కడ పొదుగుతాయిరా?" అందావిడ.

"అత్తా, ఇది మన వంశప్రతిష్ఠ."

"ప్రతిష్ఠే. పెట్ట కూడా ఉంది. చూసి లాగండి."

కారును బయటకు తీయడం అంత తేలిక కాదు. పోరంకి నుంచి వాస్తు సిద్ధాంతిగారు వచ్చారు. కారు ఇన్నేళ్ళూ దక్షిణం మొహంగా నిలబడి ఉండటం వల్లే ఇంజను ఆగిపోయిందని తేల్చారు. కారు ఆగిపోయిన తర్వాత కదా అలా నిలబెట్టింది అని మాణిక్యమ్మ గారు అడిగారు. ఆడవాళ్ళకు శాస్త్రం అర్థం కాదని సిద్ధాంతిగారు క్షమించారు. కారు ఈశాన్యం నుంచే బయటకు రావాలన్నారు. ఈశాన్యాన గోడ ఉంది. జేసీబీ తెప్పించి గోడ కొట్టారు. గోడతో పాటు కొట్టం కప్పు కూడా దిగింది. కారు మాత్రం క్షేమంగా బయటపడింది. కొట్టం కూలినా కారు దక్కింది కాబట్టి అది శుభశకునమని కొబ్బరికాయ కొట్టారు.

అక్కడి నుంచి ఆటోనగర్. మండపం జనరేటరు బాగుచేసే మరియదాసు చేతికి కారు అప్పగించారు. మరియదాసు బానెట్ మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నాడు.

"ప్రాణం ఉందండీ," అన్నాడు.

అందరికీ ఒళ్ళు జలదరించింది. లోపల ఉన్నది ఎలకలని తర్వాత తెలిసింది.

పాతవస్తువును కాపాడటం అంటే ఏమిటో ఈ సందర్భంలో మనం తెలుసుకోవాలి. పాతవన్నీ తీసేసి కొత్తవి వేయడం. తలుపులు కొత్తవి వేశారు. సీట్లకు కల్యాణమండపం మహారాజా కుర్చీల ఎర్ర వెల్వెట్ గుడ్డ వేశారు. ఏసీ పెట్టారు. కింద నీలం లైట్లు పెట్టారు. వెనకకు పోయేటప్పుడు భక్తిగీతం వచ్చే ఏర్పాటు చేశారు. ఇంజను జోలికి మాత్రం దుర్గాప్రసాద్ గారు ఎవర్నీ పోనివ్వలేదు. "అది మాత్రం అదే ఉండాలి మరియదాసూ. మార్చావని తెలిస్తే ఊళ్ళోవాళ్ళు ఇంకో పేరు పెడతారు," అన్నారు. నెలల తరబడి ఆ ఒక్క పనిమీదే మరియదాసు కూర్చున్నాడు. కూర్చున్నంతకాలం తాను ఎంత గొప్ప మెకానిక్కో వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఈలోగా కారుకు చరిత్ర కావలసి వచ్చింది. చరిత్ర లేని పాతకారును మనవాళ్ళు డొక్కుకారు అంటారు. రిటైరైన తెలుగు లెక్చరరు రామ్మూర్తి గారు రాసిపెడతానని ముందుకొచ్చారు. ఆయన బెజవాడలో ఎందరికో చరిత్రలు రాసి ఉన్నారు. పుస్తకం పేరు 'చక్రాల మీద త్యాగం'. అందులో హనుమయ్య గారు ఈ కారులో స్వాతంత్ర్య సమరయోధులను రహస్యంగా కాలవ దాటించారు.

"స్వాతంత్ర్యం వచ్చాక కదండీ కారు కొన్నది?" అని ఉషశ్రీ గారు అడిగారు.

"అమ్మా, వచ్చాక కూడా పోరాడుతూనే ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారికి వచ్చిన సంగతి తెలియదు," అన్నారు రామ్మూర్తి గారు.

పుస్తకం బయటకు రాగానే చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం రావడం మొదలైంది. మా తాత కూడా ఆ కారులో కూర్చున్నాడని ఒకరు, మా పెదనాన్న ముందు సీట్లో కూర్చున్నాడని ఇంకొకరు. అందరినీ రెండో ముద్రణలో చేర్చారు. లెక్క చూస్తే అది కారు కాదు, గుడివాడ ప్యాసింజరు. మాణిక్యమ్మ గారిని కూడా అడిగారు, ఆ కారులో కూర్చున్న మహనీయులు ఎవరైనా గుర్తున్నారా అని.

"గుర్తు లేకేం? అందరూ గుడ్లు పెట్టారు," అందావిడ. అది వేయలేదు.

ఒక రోజు ఆటోనగర్లో ఇంజను పలికింది. దగ్గింది, తుమ్మింది, నల్లటి పొగ కక్కింది, ఆ తర్వాత నిలకడగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. దుర్గాప్రసాద్ గారు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. ఆ చెయ్యి కింద తాతగారి ఇంజను వణుకుతోంది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. అవి నిజం నీళ్ళే. ఈ కథలో అలాంటివి ఇంకెక్కడా లేవు కాబట్టి ప్రత్యేకంగా చెప్పడమైనది.

వెంటనే ఫోను చేశారు. "అత్తా! వినపడుతోందా? విను!"

"ఏంట్రా ఆ మోత? రైసుమిల్లులో ఉన్నావా?"

"కారత్తా! తాత కారు! మీ నాన్న కారు!"

"నడుస్తందా?" అంది ఆవిడ. "అయితే ఎక్కడా ఆపకుండా ఇంటికి తీసుకురా నాయనా. మధ్యలో ఆపమాక."

మరియదాసు చెప్పింది కూడా అదే. "పాత ఇంజనండీ. దీనికి గాలే ప్రాణం. ముందు జాలీకి గాలి తగుల్తూ నడుస్తంటే బెజవాడ ఏంటి, హైదరాబాదైనా పోద్ది. నిలబెట్టారంటే ఉడికిపోద్ది. ఒకసారి ఉడికి ఆగిందంటే ఇంక నేను చెయ్యగలిగిందేం లేదు. స్టార్టు చెయ్యడం, పోవడం. అంతేనండీ."

దుర్గాప్రసాద్ గారు సరేనన్నారు. కారు నడవాలి, ఊరు చూడాలి, పేరు చావాలి. ఆయన కోరింది అంతే. ఆదివారం పొద్దున్నే కూర్చుని స్టార్టు చేసి ఊరి మధ్యగా పోయి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

కానీ ఆయన కల్యాణమండపం యజమాని. స్టేజీ, మైకు, పూలు లేకుండా ఏదైనా జరిగితే అది జరిగినట్టు ఆయనకు అనిపించదు. వట్టినే నడిపితే ఎవరు చూస్తారు? ఒక చిన్న సభ. కొద్దిగా మైకు. ఎమ్మెల్యే గారు జెండా ఊపుతారు, కారు కదులుతుంది. అంతే కదా అన్నారు. పల్లె వాతావరణం కోసం స్టేజీకి ఒక పక్కన బండలాగుడు పోటీల్లో కప్పులు కొట్టిన గిత్తల జతను, కొమ్ములకు రంగులు వేసి నిలబెట్టించారు. అలంకారానికి.

సభ స్కూలు మైదానంలో. కారును ముందురోజు రాత్రే లారీలో తెచ్చి అక్కడ దించారు. ముహూర్తం తొమ్మిదింటికి. మైదానం నుంచి ఊరి మధ్య వీధిగుండా కారు పోవాలి. వీధి రెండు పక్కలా జనం. కరకట్టపాలెం అంత మర్యాదగా నిలబడటం ఎన్నికలప్పుడు కూడా ఎవరూ చూడలేదు. ముహూర్తానికి మరియదాసు ఇంజను స్టార్టు చేశాడు. ఇంజను కమ్మగా కొట్టుకుంది. ఊరు చప్పట్లు కొట్టింది. "నడుస్తందిరోయ్!" అని ఎవరో అన్నారు. దుర్గాప్రసాద్ గారు ఆ మాట రెండు చెవులతోనూ విన్నారు. జన్మ తరించింది. ఆ క్షణాన ఆయన స్టీరింగు ముందు కూర్చుని ఉంటే చాలు. కానీ ఆయన స్టేజీ మీద ఉన్నారు.

ఎమ్మెల్యే గారు రాలేదు. గన్నవరంలో ఎవరినో విమానం ఎక్కిస్తున్నారట. వచ్చేదాకా ఉపన్యాసాలు పెట్టారు. ఇంజను ఆపితే మళ్ళీ అంటుకోదని భయం, కదిలిస్తే ఎమ్మెల్యే గారు రాకముందే కదిలిందని భయం. అందువల్ల అలాగే ఉంచారు.

రామ్మూర్తి గారు మైకు పట్టుకున్నారు. "ఇది ఇనుము కాదు! ఇది ఇతిహాసం! మనుషులకు సన్మానాలు చేశాం. చేయించుకున్నాం. కానీ నోరులేని ఈ త్యాగమూర్తికి ఈ జాతి ఏం చేసింది? ఒక్క శాలువా కప్పిందా? నేను కప్పుతున్నాను!" అంటూ దిగి వెళ్ళి బానెట్ మీద శాలువా కప్పారు.

ఇక్కడ మన ఆచారం ఒకటుంది. ఒకరు కప్పాక రెండోవారు కప్పకుండా ఉండకూడదు. రైసుమిల్లర్లు ఒకటి కప్పారు. రొయ్యల చెరువుల రైతులు వాళ్ళకంటే పెద్దది కప్పారు. పూర్వవిద్యార్థులు కప్పారు. ఆ స్కూల్లో చదవనివారు మేమేం తక్కువని విడిగా కప్పారు. సిద్ధాంతిగారు ఈశాన్యం వైపు నుంచి కప్పారు. బానెట్ నిండిపోతే ముందు జాలీ మీద వేలాడదీశారు. ఊరి యువజన సంఘం క్రేనునూ, ఒక మాలనూ తెచ్చింది. ఎమ్మెల్యే గారి కోసం కట్టించిన గజమాల అది. ఆయన రాలేదు, బంతిపూలు వాడిపోతున్నాయి. క్రేనుతో ఎత్తి కారు ముందు భాగానికి తొడిగారు. అంత మాల వేసుకున్నాక గాలి పీల్చుకోవడం నాయకులకు అలవాటుంటుంది. కారుకు లేదు.

ఇదంతా చూసి వద్దనవలసినవాడు మరియదాసు. అతను అప్పటికి స్టేజీ మీద కుర్చీలో కూర్చున్నాడు. అతనికీ ఒక శాలువా రాసిపెట్టి ఉంది. "ప్రముఖ ఇంజనుశిల్పి" అని మైకులో పిలిచారు. లేచి కారు దగ్గరికి పోదామా, ఫోటో అయ్యాక పోదామా అని అతను ఒక్క నిమిషం ఊగిసలాడాడు. ఫోటోగ్రాఫరు "ఇటు చూడన్నా," అన్నాడు. అటు చూశాడు.

అప్పుడు పూలమధ్య నుంచి తెల్లగా పొగ లేచింది. నెమ్మదిగా మొదలై చిక్కబడి, శాలువాల అంచుల వెంబడి జారి, నేలమీద పరుచుకుంది. జనం ఈలలు వేశారు. పెళ్ళికూతురు దిగేటప్పుడు అచ్చం ఇలాగే వస్తుంది. దుర్గాప్రసాద్ గారి ఛాతీ పొంగింది. పక్కనున్న ఉషశ్రీ గారి వైపు వంగి, "మనవాళ్ళు పొగ మిషను తెచ్చారు చూశావా! నేను చెప్పకపోయినా తెచ్చారు," అన్నారు.

"మిషను పోరంకిలోనే ఉందండీ. ఇవాళ పెళ్ళుంది," అన్నారు ఉషశ్రీ గారు.

ఆయన మెట్లు దిగేలోపు కారు లోపల ఏదో ఢామ్మని పేలింది. తర్వాత ఇనుము ఇనుమును పట్టుకున్న చప్పుడు ఒకటి వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ రాలేదు. అది కూడా ప్రోగ్రాంలో భాగమనుకుని జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు. మరియదాసు శాలువాతోనే పరిగెత్తుకొచ్చి బానెట్ మీద చెవి ఆనించాడు. ఈసారి ఎలకలు కూడా లేవు.

సరిగ్గా అప్పుడే ఎమ్మెల్యే గారు వచ్చారు. వారికి తొందరగా ఉంది. ఎవరూ వారికి ఏమీ చెప్పలేదు. పెద్దవాళ్ళకు చెడ్డమాట చెప్పడం మన జిల్లాలో లేదు. వారు కారెక్కి వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి జెండా ఊపారు. వెనక్కి తగ్గే వీలు లేదు. ఎమ్మెల్యే గారు ఎక్కిన బండి కదలకపోతే అది అవమానం. ట్రాక్టరు తెద్దామంటే వీధి నిండా జనం. దగ్గర్లో కదిలేవి రెండే ఉన్నాయి. కొమ్ములకు రంగులు వేసుకుని, అలంకారానికి, స్టేజీ పక్కన.

మోకు వేసి కట్టారు. గిత్తలు బండరాళ్ళు లాగినవి. వాటికి ఇది లెక్కలోది కాదు.

ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకోవాలి. దుర్గాప్రసాద్ గారు పట్టుకున్నారు. కారు మైదానం దాటి, ఊరి మధ్య వీధిలోకి, పట్టపగలు, ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. ఆయన కోరినట్టే అందరూ చూశారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన ఎలాగో ఓర్చుకునేవారు. అందరూ ఫోన్లు పైకెత్తి, ఎంతో గౌరవంగా, దండం పెడుతున్నట్టుగా తీశారు.

ఎమ్మెల్యే గారు వీధి చివర దిగి వెళ్ళిపోయారు. కూలిన కొట్టం దగ్గర మాణిక్యమ్మ గారు నిలబడి ఉంది. ఎడ్లు ఆవిడ ముందు ఆగాయి.

"మా నాన్న కూడా ఇంతేరా ప్రసాదూ," అంది ఆవిడ. "బాగానే నడుస్తుంటే, నలుగురూ చూడాలని ఆపాడు." కిటికీలోంచి ముందు సీటు చూసింది. "సరే, కోళ్ళను తోలుకురానా?"

దుర్గాప్రసాద్ గారు స్టీరింగు వదల్లేదు.

మర్నాడు పేపర్లో వచ్చింది. సంప్రదాయ పద్ధతిలో ఎడ్లతో సీమకారు ఊరేగింపు, కాలుష్యం లేని వాహనానికి ఆదర్శంగా నిలిచిన కరకట్టపాలెం. రామ్మూర్తి గారు మూడో ముద్రణలో చరిత్ర సవరించారు. హనుమయ్య గారు తెల్లవాడి పెట్రోలు ముట్టనని శపథం పట్టి ఎడ్లను కట్టించారట. ఏటా ఇలాగే ఊరేగింపు జరపాలని గ్రామం తీర్మానించింది. ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో దుర్గాప్రసాద్ గారు నమస్కారం పెడుతున్నారు. కింద బంగారు అక్షరాలతో 'మా ఊరి వెలుగు, ఎడ్లకారు దుర్గాప్రసాద్ గారికి శుభాభినందనలు' అని ఉంది. ఇన్నాళ్ళూ వీపు మీద ఉన్న పేరు ఇప్పుడు ఫోటో కిందకు వచ్చింది. దాన్నే కీర్తి అంటారు.

ఇది చదివి నవ్వుకున్న పాఠక మహాశయులకు ఒక మనవి. మీ ఇంటికి కూడా మీ ఊళ్ళో ఒక పేరు ఉంది. మీకు తెలియకపోవచ్చు. మీరెంత అడిగినా ఎవరూ చెప్పరు. రేపు మీకూ ఏదో ఒక సన్మానం జరుగుతుంది, జరగకుండా ఉండదు. శాలువా పట్టుకుని మీ వెనకాల నిలబడినవాడికి ఆ పేరు తెలుసు. అందుకే అంత మెత్తగా కప్పుతాడు.